గెడ్డ ఒడ్డు బొమ్మ దగ్గర ఆగిపోయాను

నేను ఒక ముసలి ల్యాప్‌టాప్‌ని. ఆ వేకువన దాలమ్మ సిస్టరు సంచి సర్దుతూ, నన్ను పాత చీరముక్కలో చుట్టి, అన్నం డబ్బా కారినా తడవకుండా బట్టల నడుమ పెట్టింది. కొండ ఊళ్లకు ఆమే నర్సు. ఆ ఊళ్లకూ రోడ్డుకూ మధ్య, వాన పడితే ఉరకలెత్తే కొండవాగు, ఇక్కడివాళ్ల మాటలో గెడ్డ, ఒకటుంది. దాని మీద వంతెన కావాలని అడగడానికి జిల్లా మీటింగుకు బయల్దేరుతోంది.

ఒకప్పుడు నేను బ్యాంకు బల్ల మీద మెరిసినదాన్నే. తరువాత ఒక కాలేజీ కుర్రాడికి సినిమాలు చూపించాను. ఆపైన నన్ను సిస్టరుకు దానం చేశారు. మనుషులకు పనికిరాని వస్తువు ఇంట్లోంచి పోవడమూ, పుణ్యం రావడమూ ఒకేసారి జరగాలి.

నా జబ్బంతా మెమరీతోనే. దాచుకునే సామాన్ల గది పెద్దదే, పని చేసుకునే వంటగట్టే ఇరుకు. ప్రజెంటేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంటేనే సగం గట్టు నిండిపోతుంది. ఆపైన సిస్టరు ఫోనులో తీసిన ఫొటోలు, ఎగురుకుంటూ వచ్చే అక్షరాలు.

ముందురోజు రిపేరు షాపు చిట్టిబాబు నన్ను విప్పి చూసి, "దీనికి సరిపడే మెమరీ ఇప్పుడు దొరకదు సిస్టరుగారూ. ఫొటోలు తగ్గించండి," అన్నాడు.

ఆమె అక్షరాల ఎగురుళ్లు మానిపించింది. ఫొటోలు చాలావరకు తీసేసింది. ఒకటి మాత్రం తీయడానికి చెయ్యి రాలేదు. దాన్ని అంచులు పట్టి లాగి, తపాలాబిళ్లంత చేసి, ఒక మూలన పెట్టింది. చిన్నదైతే బరువు తగ్గుతుందనుకుంది. తగ్గదు. తెర మీద ఎంత చిన్నగా కనిపించినా నేను మోసేది మొత్తం బొమ్మనే. ఆ మాట చెప్పే నోరు నాకు లేదు.

మీటింగులో మా వంతు వచ్చింది. నన్ను గోడ మీది పెద్ద తెరకు తగిలించారు. ఆ ఫొటో ఉన్న గెడ్డ పేజీ దాకా నడిచాను. అక్కడ బిగుసుకుపోయాను.

"ముందుకు వెళ్లండమ్మా," అన్నారు పెద్ద ఆఫీసరు.

"ఎల్లట్లేదండి. పాతదండి."

"దానికీ సెలైన్ పెట్టండి సిస్టరుగారూ," అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఆమె నా మీట మళ్లీ మళ్లీ నొక్కింది. ఈసారీ వంతెన తప్పిపోతే మళ్లీ వానలు వచ్చేస్తాయి.

ఆఫీసరు చేసేదేమీ లేక కళ్లజోడు సవరించుకున్నారు. "ఆ మూల చిన్న బొమ్మ ఏమిటి?"

"డోలీ అండి. మా సుక్కమ్మని మోసుకొచ్చారు. కాన్పు నొప్పులు. నీరు దిగుతాదని ఒడ్డున కూకున్నాం. 'బేగి వచ్చేస్తానక్కా, నా కోళ్లు సూడు' అందండి. అప్పుడు తీసాను."

"చేతిలో ఆ సంచి?"

"పుట్టబోయే బిడ్డకి గుడ్డలండి. నెల ముందే సర్దేసుకుంది."

పేజీ తిప్పి తప్పించుకుందామంటే నేను కదలలేదు. నన్ను ఆర్పేదాకా అందరూ ఆ తపాలాబిళ్లనే చూస్తూ కూర్చున్నారు. అది తీసేసి ఉంటే నేను చక్కగా నడిచేదాన్ని, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

"ఈ పని ముందు చూడండి," అన్నారు ఆఫీసరు పక్కనున్న ఇంజనీరుతో.

వంతెన కట్టారు. ఇప్పుడు నేను మందుల అట్టపెట్టెల వెనక, బీరువా మీద ఉంటున్నాను. సిస్టరుకు కొత్త యంత్రం వచ్చింది, అది ఎక్కడా ఆగదట. గెడ్డ దాటే ఆటోల చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. ఆ బొమ్మ ఇంకా నాలోనే ఉంది.

సుక్కమ్మ సంచి తిరిగి వచ్చింది. సుక్కమ్మ రాలేదు, బిడ్డా రాలేదు. వంతెన కట్టడానికి ముందటి ఏడాది, శ్రావణమాసం, రెండో గురువారం.