మూడో పొట్లం

ఇంజినీరింగు సీటుకి వెబ్ ఆప్షన్లు పెట్టడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. మా అమ్మాయి ఉమాశ్రీ రోబోలు తయారుచేసే పనిలోకి వెళ్తానంటుంది. దానికి ఏ బ్రాంచి చదవాలో వారం రోజులుగా ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు.

మా బావమరిది శశిభూషణ్ ఫోనులో, "కంప్యూటర్స్ తప్ప ఇంకోటి పెట్టనివ్వకండి బావగారూ. రోబోకైనా బుర్రే కదండీ ముఖ్యం" అన్నాడు. ఇంటరు చెప్పిన లెక్చరరు గారు ఎలక్ట్రానిక్స్ అన్నారు. పిల్లేమో మెకానికల్ అని భీష్మించుకుంది. "రోబో చెయ్యి వంగాలంటే కీలుండాలి కదా నాన్నగారూ. ఆ కీలు చెయ్యడమే నాకిష్టం" అంటుంది. ఆడపిల్ల ఇనుప షెడ్లలో ఏం పాట్లు పడుతుందని నా విసుగు.

ఎటూ తేలక పొద్దున్నే పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి గుడికి వెళ్లాను. మా ఇంట్లో ఏ పెద్ద పనికైనా స్వామి ముందు పువ్వులు పెట్టి అడగడం అలవాటు. ఎర్రపువ్వు ఒక ఆకులో, తెల్లపువ్వు ఒక ఆకులో పొట్లం కట్టి, దర్శనానికొచ్చిన ఓ పసిపాప చేత ఒకటి తీయించాను. ఎర్రపువ్వు వచ్చింది. కంప్యూటర్స్! ప్రాణం కుదుటపడి ఇంటికొచ్చాను.

"స్వామే చెప్పాడు. ఇంక మెకానికల్ మాటెత్తకు" అన్నాను.

ఉమాశ్రీ ప్రసాదం తీసుకుని కళ్లకద్దుకుంది. "తెల్లపువ్వు దేనికనుకున్నారు?"

"ఎలక్ట్రానిక్స్‌కి."

"మరి మెకానికల్ పొట్లం?"

మా ఆవిడ సీతారామలక్ష్మి వంటింట్లోంచే అందుకుంది. "బాగుందండీ! మీరు పెట్టని పువ్వు స్వామి మాత్రం ఎక్కణ్ణించి తెచ్చిస్తాడు?"

"నువ్వూరుకో" అని కసిరాను. "సరే, మూడూ పెట్టి మళ్లీ అడిగొస్తాను."

"ఎర్రదే వస్తే నేను ఒప్పుకుంటాను. నాది వస్తే మీరు ఒప్పుకుంటారా నాన్నగారూ?"

చెప్పులు వేసుకోబోతున్నవాణ్ణి ఆగిపోయాను. ఒప్పుకోను. ఏదో వంక చెప్పి ఇంకోసారి అడుగుతాను. ఇన్నేళ్లూ నేను స్వామిని అడిగానా, నా మాటే ఆయన చేత చెప్పించుకున్నానా?

ఐదున్నరకి, ఆప్షన్లు ఖాయం చెయ్యడానికి కావలసిన ఓటీపీ నా ఫోనుకి వచ్చింది. ఉమాశ్రీ కంప్యూటరు ముందు కూర్చుని నావైపే చూస్తోంది.

"మొదటి ఆప్షన్ ఏం పెట్టావు?"

"మెకానికలే."

నా చిరాకు తగ్గలేదు. ఆ ఇనుప షెడ్లే ఇంకా కళ్ల ముందున్నాయి. అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఆఖరి అంకె దగ్గర ఆగాను.

"నాన్నగారూ, టైమైపోతోందండీ."

చెప్పాను.