పెరట్లో పెరిగిన గొంతు

మైకక్క పొద్దున లేచాక ఎవరితోనూ మాట్లాడదు. ఇంటి మీద పిడుగు పడ్డా సరే, ముందు పెరట్లోకి వెళ్ళాలి. బూడిదాకు మొక్క నడికొమ్మ నుంచి రెండు ఆకులు తుంచాలి, వాటిని వేడినీళ్ళ గ్లాసులో వేసి చిటికెడు ఉప్పు కలపాలి, ఆ నీళ్ళతో మూడుసార్లు పుక్కిలించాలి. మూడోసారి ఉమ్మేసేసరికి గొంతు వచ్చి తన చోట కూర్చుంటుంది. అప్పుడు గానీ మొదటి మాట బయటికి రాదు. ఆ మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఒసేయ్ పిట్టా, లేచావా?"

పిట్ట ఆమె చెల్లెలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మైకక్కే ఆ పేరు పెట్టింది, ఆమె తప్ప ఇంకెవరూ అలా పిలవరు. పిట్టకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే జడ వెయ్యడం దగ్గర్నుంచి బస్టాండులో ఉద్యోగం వేయించేదాకా అన్నీ మైకక్కే చూసింది. మైకక్క ఆ బస్టాండులోనే ఇరవై రెండేళ్ళుగా అనౌన్సరు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే ఉంది.

బూడిదాకును పుస్తకాల్లో సేజ్ అంటారట. ఆకు మీద సన్నటి నూగుతో, బూడిద చల్లినట్టు ఉంటుంది కాబట్టి వీధిలో అందరికీ అది బూడిదాకే. ఎక్కడినుంచో తెచ్చి నాటిన మొక్క కాదది, ఇళ్ళు రాకముందు ఈ గుట్టంతా దానిదే. ఎరువు వేస్తే అలుగుతుంది, గారాబం చేస్తే చస్తుంది. దానికి కావలసింది రాళ్ళనేల, ఎండ, తన మానాన తనను వదిలేసే మనిషి. ఎండాకాలం నలభై రోజులు ఆకులన్నీ రాల్చి పడుకుంటుంది. అప్పుడు నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఆ నలభై రోజులూ మైకక్క గొంతు కూడా బొంగురుపోయేది. ఆమె మైకుకు మూతి ఆనించి గుసగుసగా బస్సుల పేర్లు చెప్పేది, ప్రయాణికులు కాస్త చెవులు రిక్కించేవాళ్ళు.

వాళ్ళమ్మ కూరగాయల మార్కెట్లో వేలం వేసేది. ఆవిడ "ఒకటోసారి" అంటే మార్కెట్ అవతల పడుకున్న కుక్కలు లేచేవి. పెద్దకూతురికి పదహారేళ్ళు రాగానే ఆవిడ తన మొక్క నుంచి ఒక కొమ్మ కోసి చేతిలో పెట్టింది. చేత్తో ఇచ్చిన కొమ్మ ఇద్దరికీ గొంతునిస్తుంది. అడక్కుండా కోసుకుపోయిన కొమ్మ ఉన్న గొంతును వెంటబెట్టుకుపోతుంది. పాలు కాస్తే పొంగుతాయన్నట్టు ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

గాలి వీస్తే మొక్క తనంతట తనే బస్సుల పేర్లు గొణిగేది. ఎదురింటి గడియారాల మెకానిక్ ఒకసారి గొడవకు కూడా వచ్చాడు.

"మీ మొక్క నిన్న ఓడరేవు బస్సు పది నిమిషాలు లేటంది. నమ్మి ఇంకో గ్లాసు టీ తాగాను. తీరా వెళ్తే బస్సు పోయింది!"

"గాలివాటాన ఏదో అంటుంది అన్నయ్యా. గడియారాలు బాగుచేసే మనిషివి, టైముకి మొక్కను నమ్ముకుంటే ఎలా?"

పిట్ట గొంతు మాత్రం దోమపాట. ఆమె బస్టాండులోనే విచారణ కిటికీ దగ్గర, అద్దం వెనక కూర్చునేది. "ఏంటీ? గట్టిగా చెప్పమ్మా, తిండి తిన్లేదా?" అని రోజూ వందమంది ఆమె మీద అరిచేవాళ్ళు. నెత్తి మీద స్పీకర్లో అక్క గొంతు బస్టాండంతా నిండుతుంటే, కింద ఆమె చెప్పిందే నాలుగుసార్లు చెప్పేది.

"అక్కా, నాకూ ఒక కొమ్మ ఇవ్వవే," అని అడిగింది మొదటి జీతం రోజున.

"ఇస్తా. పూలు రాలనీ."

పూలు రాలాక, వానలు పడనీ అంది. వానలు పడ్డాక, వచ్చే ఏడు చూద్దాంలే అంది. అలా ఏడేళ్ళు గడిచాయి. ఇవ్వకూడదని కాదు. ఆ గొంతు తనొక్కదానిదే కావడం మైకక్కకు లోలోపల తీపిగా ఉండేది, అంతే. ఆ మాట ఆమె తనతో తాను కూడా ఎప్పుడూ అనుకోలేదు. పైగా మొక్క దగ్గరికి పిట్టను రానిచ్చేది కాదు. "నీకెందుకే మట్టిపని, చేతులు పాడవుతాయి," అనేది. కానీ మాట వరసకు ఎలా కొయ్యాలో మాత్రం చాలాసార్లు చెప్పింది. "కణుపు కింద, ఏటవాలుగా, ఒక్క వేటుకి తెగాలి. తడి ఆరకముందే మట్టిలో గుచ్చాలి."

అంతలో పెద్దాఫీసు ఒక నిర్ణయం చేసింది. ఇకమీదట అన్ని బస్టాండుల్లోనూ ఒకే గొంతు వినిపించాలి. ఒకసారి రికార్డు చేసి పెట్టుకుంటారు. ఆ గొంతున్న మనిషికి పెద్దాఫీసులోనే ఉద్యోగం.

"ఇంకెవరమ్మా, నువ్వే," అన్నాడు మేనేజరు. "గురువారం రికార్డింగు. చల్లటివి తాగకు."

మైకక్క ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "నిన్ను వదిలి వెళ్తానా పిట్టా? నీక్కూడా అక్కడే ఏదో ఒకటి చూడమంటాను. ఈ అద్దం బాధ వదిలిపోతుంది నీకు," అంది. పిట్ట "సరేలే అక్కా," అంది. అక్క వేసుకోవాల్సిన బట్టలు తనే ఉతికి, ఇస్త్రీ చేసి, కుర్చీ మీద మడతపెట్టింది కూడా.

బుధవారం సాయంత్రం నాలుగింటికి మైకక్క "ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉన్న బస్సు..." అని ఆగిపోయింది. కావాలని ఆగలేదు. లోపల దారం తెగినట్టయింది. నోరు ఆడుతోంది, గాలి వస్తోంది, మాట లేదు. ప్రయాణికులు మిగతా సగం కోసం తలలెత్తి స్పీకర్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఐదో నంబరు బస్సు ఎటు పోతుందో తెలియక డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు.

ఆమె ఇంటికి పరిగెత్తింది. నడికొమ్మ లేదు. ఉన్నచోట చిన్న తెల్లటి గాటు, ఇంకా తడిగా ఉంది. కణుపు కింద, ఏటవాలుగా, ఒక్క వేటుకి తెగింది. ఆ కోత మైకక్క ఒక్కరికే నేర్పింది. ఇల్లంతా వెతికింది, పిట్ట లేదు. స్నేహితురాలి ఇంట్లో పడుకుంటున్నానని చీటీ పెట్టి పోయింది. కుర్చీ మీద ఇస్త్రీ బట్టలు మడత నలగకుండా ఉన్నాయి.

పొద్దున్న ఆ బట్టలే వేసుకుని మైకక్క మేనేజరు గదికి వెళ్ళింది. తలుపు వేసి ఉంది. లోపలి నుంచి, "మూడో నంబరు ప్లాట్‌ఫాం నుంచి ఓడరేవు వెళ్ళు బస్సు..." అని తన గొంతు వినిపించింది. మాట చివర కాస్త పైకి లేపడం కూడా తన అలవాటే. ఆమె తలుపు తోసింది. మైకు ముందు పిట్ట కూర్చుని ఉంది, ఒళ్ళో చిన్న మట్టికుండీ.

"నువ్వు ఇస్తానన్నదేగా అక్కా," అంది పిట్ట, అక్క గొంతుతో. "ఏడేళ్ళ నుంచి ఇస్తూనే ఉన్నావు."

మైకక్క నోరు తెరిచింది. ఎనిమిదోసారి అడిగి చూడకపోయావా, నీకు కాక ఇంకెవరికిద్దునే, అనాలనుంది. తిట్టాలనుంది. తిట్టడానికి కావలసిన గొంతు కూడా పిట్ట దగ్గరే ఉంది.

"గొంతు బాగుంది, ఎవరిదైతే మనకేం," అన్నట్టు మేనేజరు కాగితాలు సర్దుకున్నాడు. మూడోరోజు పిట్ట కుండీ ఒళ్ళో పెట్టుకుని పెద్దాఫీసున్న ఊరికి బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూసింది గానీ, అప్పటికి మైకక్క మొహం తిప్పేసుకుంది.

మైకక్కకు విచారణ కిటికీ ఇచ్చారు. అద్దం వెనక, పిట్ట కూర్చున్న కుర్చీలోనే, అడిగినవాళ్ళకు చీటీల మీద రాసి చూపించేది. "నోట్లో ముత్యాలున్నాయా, చెప్పొచ్చుగా!" అని అరిచేవాళ్ళు. నెత్తి మీద తన గొంతు తనకు సంబంధం లేకుండా బస్సుల పేర్లు చెప్పుకుంటూ పోయేది. పిట్ట ఏడేళ్ళు ఈ కుర్చీలో ఏం పడిందో ఆమెకు వారంలో తెలిసింది. తెలిసినంత మాత్రాన కడుపులో మంట చల్లారలేదు. పెంచిన చేతినే కోసిందే అన్న ఒక్క మాట అన్నం దగ్గర, మంచం మీద, కిటికీ దగ్గర ఆమెను తినేసేది.

ఎండాకాలం వచ్చింది. పెరట్లో మొండిమొక్క మిగిలిన నాలుగాకులూ రాల్చి పడుకుంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"అక్కా, నేనే," అంది పిట్ట. ఆ గొంతు బొంగురుపోయి ఉంది. "ఆకులు రాలిపోతున్నాయే. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోస్తున్నాను. అయినా రాలుతున్నాయి. ఏం చెయ్యను?"

మైకక్క ఫోను చెవికి అదుముకుని కూర్చుంది. పొయ్యి, ఇంకో రెండు చెంబులు పొయ్యి, అంటే చాలు. వారంలో వేరు కుళ్ళుతుంది. కానీ అక్కడ కుళ్ళేది తన గొంతే. నిజం చెబితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. చెప్పకపోతే అమ్మ ఇచ్చింది ఎవరికీ లేకుండా పోతుంది. అవతల పిట్ట ముక్కు ఎగబీలుస్తోంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే చేసేది.

మైకక్క ఉన్న ఊపిరంతా కూడదీసుకుని గుసగుసగా అంది. "పొయ్యకు. చుక్క కూడా. అది పడుకుంది. వానకు లేస్తుంది."



"ఎండిపోయి చావాలనా?" అంది పిట్ట. "ఎండాకాలం రోజూ సాయంత్రం నువ్వు బకెట్టుతో నీళ్ళు పోసేదానివి. నేను కిటికీలోంచి చూడలేదనుకున్నావా?"

"అవి నిమ్మచెట్టుకే, పిట్టా. దాని పక్కదానికి."

"అబద్ధం. నా మీద కక్ష తీర్చుకుంటున్నావు." ఫోను పెట్టేసింది.

తాను దొంగైతే పొరుగును నమ్మడంటారు. మొక్క దగ్గరికి రానిచ్చి ఉంటే నిమ్మచెట్టు నీళ్ళేవో, బూడిదాకు నీళ్ళేవో పిట్టకు తెలిసేవి. మైకక్క ఆ సాయంత్రం బకెట్టు పట్టుకుని నిమ్మచెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. దొంగతనం కంటే ఆ "అబద్ధం" అన్న మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

పదిహేనో రోజున అన్ని బస్టాండుల్లోనూ స్పీకర్లు ఒకేసారి గరగరలాడాయి. మైకక్క తలెత్తి చూసింది. బస్సుల పేర్ల బదులు ఎండుటాకులు నలిగిన చప్పుడు. రికార్డు మళ్ళీ మళ్ళీ పెట్టారు, పెట్టినప్పుడల్లా అదే చప్పుడు. మెకానిక్కులు వచ్చి వైర్లన్నీ విప్పి, మిషన్ బాగానే ఉందని చెప్పి పోయారు. పెద్దాఫీసులో పిట్ట ఉద్యోగం ఆ వారమే పోయింది.

తొలివాన పడ్డ నాలుగోరోజు మైకక్క పెరట్లోకి వెళ్ళింది. చచ్చిందనుకున్న మొక్కకు ఏటవాలు కోత కిందే రెండు చిగుళ్ళు. ఆమె ఇంకో పదిరోజులు ఓపిక పట్టి రెండాకులు తుంచింది. వేడినీళ్ళు, ఉప్పు, మూడు పుక్కిళ్ళు. గొంతు వచ్చి కూర్చుంది, పాతదానికంటే కాస్త లోతుగా. అలవాటుగా మొదటి మాట కోసం నోరు తెరిచింది. గరగరమని చప్పుడొచ్చింది. ఇంకా పచ్చిగొంతు కదా, కుదురుకుంటుందిలే అనుకుంది.

మేనేజరు తనే వచ్చి మైకు గది తాళం ఆమె చేతిలో పెట్టాడు. ఎవరి గొంతైతే మనకేం అన్నట్టున్న మనిషి ఇప్పుడు టీ కూడా పంపించాడు. అన్ని ఊళ్ళ పేర్లూ, అన్ని నంబర్లూ స్పష్టంగా పలికాయి.

ఒక మధ్యాహ్నం ఓడరేవు బస్సు కండక్టరు మైకు గదిలోకి వచ్చి చీటీ ఇచ్చాడు. తనకు బాగా తెలిసిన చేతిరాత.

"మొక్క చచ్చిపోయింది. నువ్వు నిజమే చెప్పావు. ఉన్న దోమగొంతు కూడా పోయింది. ఓడరేవులో ఓడ మీద పని చూసుకున్నాను, ఎక్కితే మళ్ళీ రాను. మూడో నంబరు దగ్గర ఉన్నాను. నువ్వు పిలిస్తే ఆగుతాను."

కిటికీలోంచి చూసింది. బస్సు తలుపు పక్కన పిట్ట. చేతిలో ఖాళీ కుండీ, చూపు స్పీకరు మీద. ఇంకా చిక్కిపోయి, నిజంగానే గుప్పెడంత ఉంది.

మైకక్క మైకు మీట నొక్కింది. పెరట్లో ఇప్పుడు రెండు కొమ్మలున్నాయి, ఈసారి చేత్తోనే ఇవ్వొచ్చు. "పిట్టా" అనడానికి నోరు తెరిచింది.

స్పీకర్లలో ఎండుటాకులు నలిగాయి.

మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. ఊళ్ళన్నీ పలికే గొంతులో ఆ ఒక్క పేరు మొలవలేదు. పిట్ట స్పీకరు వంక చూస్తూనే ఉంది. మిషన్ మళ్ళీ పాడైందని పక్కన ఎవరో విసుక్కున్నారు. ఇరవై అడుగులు నడిచి వెళ్తే చెయ్యి పట్టుకోవచ్చు. మైకక్కకు ఆ సంగతి తెలుసు. లేవాలనే అనుకుంది. ఇస్త్రీ బట్టలు గుర్తొచ్చాయి, మడత నలగకుండా కుర్చీ మీద ఉన్నవి. ఆమె లేవలేదు.

పిట్ట కుండీని ప్లాట్‌ఫాం మీద పెట్టి బస్సెక్కింది.

గోడ గడియారం రెండూ పది చూపించింది. టైమైతే చెప్పాలి, అది ఆమె పని. మైకక్క మీట నొక్కి, "మూడో నంబరు ప్లాట్‌ఫాం నుంచి ఓడరేవు వెళ్ళు బస్సు బయలుదేరుచున్నది," అంది. ఆ మాట మాత్రం గంట కొట్టినట్టు పలికింది.