తాడు వంతెన మీద కాపలావాడు

"ఈసారి కూడా కాగితం చూసి చదివినట్టే ఉంటే ఆదివారం నాటకం సమయం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను ఆడిపోసుకోకండి," అంది రేడియో మేడమ్, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటూ.

దర్జీకొట్టు వెనక గదిలో చెవులోడు తీగలు సరిచేసుకుంటున్నాడు. కొట్టు అతని బావది. గోడల వెంట బట్టల తానులు పేర్చి ఉండటంతో అక్కడ మాట మోగదు. అందుకే చెవులోడు మైకులు ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆ పేరు చిన్నప్పుడు అక్క పెట్టిందే. ఇప్పుడు ఆ చెవులే అతనికి కూడు పెట్టాలి.

అక్కా బావా ఏళ్ల తరబడి ఒక ఆట ఆడుతున్నారు. బల్ల మీద పటం పరిచి అక్క కథ నడుపుతుంది. బావ అందులో తాడు వంతెన కాపలావాడు. గండం వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే అంతే సంగతులు. పడిన అంకెకి ఇక తిరుగులేదు. దాన్ని రేడియో నాటకం చెయ్యాలని చెవులోడి పంతం.

మొదటిసారి ఆటని ఉన్నదున్నట్టు రికార్డు చేశాడు. పాచికల గలగల, అంకెల మీద తగువులు, ఇకిలింపులు. బయటివాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోసారి, ఆడేసిన ఆటనే మాటలుగా రాసి చదివించాడు. అంతా శుభ్రంగా వచ్చింది, ప్రాణం తప్ప. తనకేమవుతుందో ముందే తెలిసిన బావ తొలి మాట నుంచే ఏడుపు గొంతు పెట్టాడు.

అందుకే ఈసారి అక్క చేత రెండు ముగింపులు రాయించాడు. కాపలావాడు బతికితే ఒకటి, పోతే ఒకటి. పాచిక రికార్డింగు మధ్యలోనే పడాలి, చప్పుడు కాకుండా మఖమల్ ముక్క మీద. అంకె అక్కకి తప్ప ఎవరికీ కనపడకుండా అట్ట అడ్డం పెట్టాడు.

"పోతే మళ్లీ బతికించడాలు లేవుగా?" అన్నాడు బావ.

"లేవు," అంది అక్క.

"ఇన్నేళ్లు మోశానే వాణ్ణి. కాస్త చూసి విసురు."

"చూసి విసిరితే జాలిపడుతుందా అది? కబుర్లు ఆపి మైకు దగ్గరికి జరగండి."

చెవులోడు చెయ్యెత్తి దించాడు. మొదలైంది.

"దీపం కాస్త పైకెత్తవే పిల్లా!" చీకట్లో వంతెన మీద కాపలావాడు.

"ఎత్తాను. చూసి అడుగెయ్యి," ఒడ్డున దీపం పట్టుకున్న పిల్ల. ఆ గొంతు అక్కదే.

అక్క పాచిక విసిరింది. అది మఖమల్ మీద దొర్లి ఆగింది.

అక్క పెదవులు కదిలాయి. మాట రాలేదు. ముందున్న రెండు కాగితాల్లో దేన్నీ ముట్టుకోలేదు.

చెవులోడి హెడ్‌ఫోన్లో బావ ఊపిరి ఒక్కటే. రేడియోలో ఇంత మౌనం వస్తే జనం సెట్టు పాడైందనుకుంటారు. మేడమ్ తలెత్తి, ఆపెయ్యమని వేళ్లతో కత్తెర చూపించింది. చెవులోడి వేలు బటన్ మీదకి వెళ్లింది. ఆపితే మళ్లీ మొదలుపెట్టాలి. మళ్లీ మొదలుపెడితే బావకి సంగతి తెలిసిపోయి ఉంటుంది. వేలు అక్కడే ఉంది. నొక్కలేదు.

"ఏమైంది?" అన్నాడు బావ. ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. "ఏమైందే? చెప్పవే."

కాపలావాడి బరువు గొంతు కాదది. ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగే గొంతు.

"ఏం లేదు," అంది అక్క. "కిందకి చూడకు. నా దీపాన్నే చూస్తూ వచ్చెయ్."

బావ చిన్నగా నవ్వాడు. "నీకు అబద్ధం ఆడటం ఎప్పటికి చేతనవుతుందే?" అని, ఒక అడుగు వేసినట్టు ఊపిరి బిగించాడు.

చెవులోడు, వంతెన తాడు తెగే చప్పుడు కోసం సిద్ధంగా ఉంచుకున్న గోనెగుడ్డ పట్టుకుని మైకు దగ్గర బర్రున చింపాడు. తర్వాత ఏమీ లేదు.

అతను బటన్ నొక్కాక మేడమ్ గొంతు సవరించుకుంది. "ఆ మౌనం కత్తిరించావో, ఊరుకోను. ఆదివారం ఇదే వేస్తాం." తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఇంతకీ ఆ దీపం పిల్ల ఇప్పుడేం చేస్తుంది?"

"నాకేం తెలుసు? పాచిక వెయ్యాలి," అంది అక్క.

"ఎంత పడింది?" అట్ట అవతలి నుంచి బావ.

"రెండు."

"రెండా! ఏం చెయ్యే నీది!"

చెవులోడు తీగలు చుడుతూ నవ్వాడు. బావ నవ్వలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని సూదికి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కడం లేదు. అక్క వెళ్లి, ఆ కొస అందుకుని, తడిచేసి ఎక్కించింది.