గ్యాస్ గుంతలో సున్నం

ఆ సున్నమే అప్పట్లో గ్యాస్‌ను చంపిందా, లేక మేస్త్రీ కట్టుబడిలోనే లోపమా, పదిహేనేళ్లుగా పొయ్యి ముందు నిలబడిన ప్రతిసారీ వచ్చే అనుమానమే ఇంద్రమ్మకు ఇవాళా వచ్చింది, నీలిమంట అంటుకుంది, చాయ్ గిన్నె పెట్టింది, బయట అరుగు మీద కూర్చున్నది ఆ మేస్త్రీయే, నేపాలీ ధనబహదూర్, తల సగం నెరిసింది, వెల్గటూర్‌లో కొత్త గుంతలు కట్టించడానికి వచ్చి, బుగ్గారంలో దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, అక్కా గ్యాస్ మండుతున్నదా అని అదే వచ్చీరాని తెలుగు, అప్పుడూ అంతే, పెరట్లో పేడ గ్యాస్ గుంతకు గుమ్మటం కడుతూ అక్కా నీళ్లు, అక్కా ఇసుక, ఆమె భర్త దేవయ్య నవ్వేవాడు, జర్మనోళ్ల పైసలు, నేపాలోని చెయ్యి, మన బర్ల పెండ, ఇంతమంది కలిస్తెగాని నీకు చాయ్ రాదే అని, ఆ నవ్వు ఇప్పుడు గోడమీది పటంలో ఉంది, సిరిసిల్లలో అమ్మ తడికట్టెలు ఊది ఊది కళ్లు పోగొట్టుకుంది, చివరికి మగ్గం మీద తెగిన పోగు కనిపించేది కాదు, ఈ మంట అమ్మ చూసి ఉంటే.

కానీ అప్పుడు ఒక్కటే బెంగ, బర్రె పేడ, ఆవు పేడ కాదు, ఆ మంట మీద రాజన్న దేవుడికి నైవేద్యం ఎలా వండడం, అందుకే పేడ నింపే ముందురోజు ఎవరూ చూడకుండా తట్టెడు సున్నం, పసుపు ఐదు బిందెల నీళ్లలో కలిపి, గుంత శుద్ధి కావాలని అందులో పోసి దండం పెట్టుకుంది, భక్తితోనే పోసింది, రెండు నెలలైనా గ్యాస్ రాలేదు, పట్నం నుంచి ఆఫీసర్లు వచ్చి లోపల ఎవరన్నా ఏమన్నా కలిపారా అని అడిగారు, అవి ఎవరేమడిగినా ఎరుకలేదు అనే రోజులు, రాత్రి అన్నం తిన్నదెవరని పోలీసులు అడిగినా ఎరుకలేదు, పోలీసులు ఎటుపోయారని అడవిలోని అన్నలు అడిగినా ఎరుకలేదు, నోటికి అదే అలవాటు, ఎరుకలేదు సార్ అనేసింది, కట్టుబడి చెడ్డదని రాసుకుని ధనబహదూర్‌ను పనిలోంచి తీసేశారు, అతను పోతూపోతూ కోరుట్ల దాకా సైకిల్ తొక్కి, అక్కడ మండుతున్న గుంతలోంచి డబ్బాడు నల్లటి పేడనీళ్లు తెచ్చి ఇందులో పోశాడు, పెరుగుకు తోడు లెక్క అక్కా, రెండు మూడు వారాలు చూడు అని జగిత్యాల బస్సెక్కాడు, ఇరవయ్యో రోజు మంట వచ్చింది, చూడ్డానికి అతను లేడు.

చాయ్ పొంగబోయింది, దించింది, గ్లాసు అతని చేతికిచ్చి, రాజన్నా నువ్వే నోరియ్యి అనుకుని, తమ్ముడా, గుంతల సున్నం పోసింది నేనే, అడిగితే ఎరుకలేదన్న అంది, అతను తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు, సున్నమా అన్నాడు, కోపం వస్తుందనుకుంది, రాలేదు, నేను నా చెయ్యే చెడ్డదనుకున్న అక్కా, ఆరేండ్లు తాపీ ముట్టలే అన్నాడు మెల్లగా, ఆమె గూట్లోంచి అప్పుడు అతను వదిలిపోయిన పాత డబ్బా తీసి పెరట్లోకి నడిచింది, అనుమానం తనకొక్కదానికే అనుకుంది ఇన్నేళ్లూ, సగం అతని నెత్తిన పెట్టి పంపిందన్నమాట, గుంత నోట్లో డబ్బా ముంచి, నిండుగా పేడనీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది, వెల్గటూర్ గుంతకు తోడు వెయ్యి తమ్ముడా, నీదే ఇది.