ఆపి ఉంచిన దీవి

"ఆటలో కొత్త దీవి ఎప్పుడో తయారైపోయింది వదినా. మా దగ్గరే తాళం వేసి ఉంది," అంది ఆడపడుచు చిక్కుళ్ళు వలుస్తూ.

"మరి ఇచ్చేయొచ్చుగా? అదొస్తుందనేగా ఈయన కుర్చీకి అతుక్కుపోయింది!"

"ఒకేసారి ఇచ్చేస్తే ఆడేసి వెళ్ళిపోతారు. నెలనెలా చందా ఎవరు కడతారు? జనానికి విసుగు పుట్టేది కనిపెట్టి, సరిగ్గా అప్పుడు వదలాలి. నా ఉద్యోగమే అది."

ఆ వీడియో ఆటల కంపెనీలో చెల్లెలికి ఉద్యోగం వచ్చిందని అందరికంటే సంబరపడింది అన్నయ్యే. ఇప్పుడు ఆ చెల్లెలు ఇంటికి వచ్చిన సంగతి కూడా తెలియకుండా, పక్కగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే ఆట ఆడుతున్నాడు. అతని కళ్ళజోళ్ళ షాపు మధ్యాహ్నం దాకా తెరుచుకోవడం లేదు. పాత ఖాతాదారులు కూడా పక్కవీధి షాపుకి అలవాటు పడుతున్నారు.

వదిన గొంతు తగ్గించింది. "ఈ ఒక్కసారికి ఆలస్యం చెయ్యి. ఉన్న దీవి అయిపోవచ్చింది. కొత్తది రాకపోతే తనే విసుగెత్తి మానేస్తారు."

"నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నావా వదినా!" అని నవ్వింది ఆడపడుచు. పక్కగది వైపు చూసి నవ్వు ఆపేసింది. "సరే. ఏదో లోపముందని చెప్పి ఆపిస్తాలే."

ఆపించింది.

మొదట్లో అతను అయినదానికీ కానిదానికీ విసుక్కున్నాడు. తర్వాత మెల్లగా ఇంట్లో మనిషయ్యాడు. కారే కుళాయికి వాషర్ మార్చాడు. షాపు వేళకి తీశాడు. కూతురికి జడ వేస్తే అది ఒక పక్కకి వాలిపోయింది. "ఇప్పుడిదే ఫ్యాషన్," అని దబాయించాడు.

"ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. నాన్న ఫోన్ చూస్తూ వేశాడమ్మా," అంది కూతురు.

అందరూ నవ్వారు. ఆమే ఎక్కువ నవ్వింది.

"ఏమండీ, ఆ చందా కూడా ఆపేయకూడదూ?" అని అడిగింది అన్నం వడ్డిస్తూ.

"ఆపేస్తాలే. ఎవడిక్కావాలి అది?"

అన్నాడే గానీ, తింటున్నంతసేపూ అతని ఎడమచేతి వేళ్ళు బల్ల మీద మీటలు నొక్కుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ఆమె మజ్జిగ గిన్నె ఆ చేతి పక్కన పెట్టింది. వేళ్ళు కాస్త జరిగి, మళ్ళీ కదిలాయి.

ఒక సాయంత్రం ఆడపడుచు ఆఫీసు నుంచి తిన్నగా వంటింట్లోకి వచ్చింది. భుజాన సంచీ కూడా దించలేదు.

"కొంప మునిగింది వదినా. మానేసినవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళంతా దీవి వచ్చిందా అని పొద్దున్నా సాయంత్రం తొంగి చూసి పోతున్నారు. ఇంత ఆత్రం మేమెప్పుడూ చూడలేదు. మా మేనేజర్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఇకమీదట ప్రతిసారీ ఇలా ఆకలి పుట్టించాకే వదలాలట."

"ఎప్పుడు వదులుతారు?"

"ఇంకాసేపట్లో."

ఆమె తడిచేతులతోనే ముందుగదిలోకి వెళ్ళింది. అతను కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుస్తకంలో కథ చదువుతున్నాడు.

"ఏమండీ, ఆ చందా ఇప్పుడే ఆపేద్దాం."

"పోలీసులొచ్చినట్టు ఏమిటా తొందర?" నవ్వుతూ ఫోన్ తీసి చేతికిచ్చాడు. "నువ్వే నొక్కు. అదిగో, కింద."

ఆమె వేలు అక్కడికి చేరేలోపే ఫోన్ అరచేతిలో గుర్రుమంది. అతని నవ్వు ఆగిపోయింది. నిద్రపోతున్న పసిబిడ్డను అందుకున్నంత మెత్తగా ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఊరికే చూసి ఇచ్చేస్తాను," అన్నాడు. తర్వాత కూతురితో, "కాస్త దిగమ్మా."

పక్కగది తలుపు మూసుకుంది. కథ ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టుకుని కూతురు నిలబడింది.

ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. "మళ్ళీ ఎప్పుడు పంపిస్తారు?"

"ఏ దీవిని వదినా?"

"మీ అన్నయ్యని."

ఆడపడుచు మూసిన తలుపు వైపు చూసింది. "ముందు విసుగు పుట్టాలి," అంది, ఆఫీసులో ఎవరికో జవాబు చెబుతున్నట్టు.