ఎర్రబడ్డ రంగాపురం

నరసరావుపేటలోని ఒక ఆసుపత్రిలో, అత్యవసర విభాగం తలుపు పక్క కౌంటరులో హిమజ పనిచేస్తుంది. వచ్చిన ప్రతి రోగి పేరు, ఊరు, బాధ కంప్యూటరులో ఎక్కించాలి. వేసవి నుంచి ఆ వివరాలు, పేర్లు మినహా, గంటగంటకూ జిల్లా ఆరోగ్య పటంలోకి వెళ్తున్నాయి. ఫోను ఉన్నవాళ్లెవరైనా దాన్ని చూడొచ్చు. జబ్బుల్లేని ఊరు పచ్చగా, కొంచెం ఉంటే పసుపుగా, ఎక్కువుంటే ఎర్రగా కనిపిస్తుంది. జనం క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తున్నారు. "మీ అత్తగారి ఊరు పసుపైంది, చూశావా?" అని ఆటోలో ఎవరో అంటుంటే విని, అందులో తన వేళ్ల పనీ ఉందని హిమజ లోలోపల మురిసిపోయింది.

జులైలో ఒక మంగళవారం పొద్దున కోటమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. క్రోసూరు వైపు రంగాపురంలో టిఫిన్ కొట్టు నడుపుతుంది. బస్సు దిగి నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి, ఫోను హిమజ ముందు పెట్టింది.

"మా ఊరిమీద ఈ ఎరుపు పూసింది నువ్వేనా అమ్మాయ్?"

"నేను పూసేదేం లేదు పెద్దమ్మా. మీ ఊరోళ్లు వాంతులు, విరేచనాలని ఇక్కడికొస్తే అదే పడుద్ది. మూడు రోజుల్లో పంతొమ్మిది మంది వచ్చారు."

"ఎవురా పంతొమ్మిది మంది?"

"పేర్లు చెప్పకూడదు."

"నువ్వు చెప్పబాక, నేనే చెప్తా. పొద్దున్నే నా కొట్టుకాడికి రాని మనిషి మా ఊళ్లో లేడు. ఎవురికి దగ్గొచ్చినా నాకు తెలుసుద్ది. వాంతులు ఒక్కళ్లకీ లేవు. డాక్టర్లొచ్చి బడికాడ శిబిరం పెట్టి, రోగుల కోసం సాయంత్రందాకా ఎదురుచూశారు. పోతాపోతా నా చట్నీ సీసాలో పోసుకొని పరీక్షకి పట్టుకపోయారు."

హిమజకు నవ్వొచ్చింది. కానీ కోటమ్మ కళ్లలో నీళ్లు చూసి ఆపుకుంది.

"ముప్పై ఏళ్లుగా రుబ్బుతున్నా. ఇప్పుడు లారీ డ్రైవర్లు నా కొట్టు ముందు బండి స్లో కూడా చెయ్యట్లేదు."

ఇంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. క్వారీలో పనిచేసే గురునాథం తన భార్య నాగమ్మను చేతుల మీద లోపలికి తెచ్చాడు. నర్సులు ఆమెను మంచం మీదికి మార్చగానే కౌంటరుకు వచ్చాడు.

"ఊరు?" అంది హిమజ.

"రంగాపురం."

కోటమ్మ తలతిప్పి అతన్ని కిందికీ మీదికీ చూసింది. "ఏ రంగాపురం? నిన్నెప్పుడూ చూళ్లేదే."

"బెల్లంకొండ కాడిది. మా వీధిలో ఇంటికొకళ్లు వాంతులతో పడ్డారు. డాక్టర్లెవురైనా వస్తారని చూస్తన్నాం. జిల్లా ఆఫీసుకి ఫోన్ చేస్తే, పటంలో మీ ఊరు పచ్చగానే ఉందిగా అన్నారు."

హిమజ చెయ్యి ఆగిపోయింది. తెర మీద 'రంగా' అని కొడితే రెండు ఊళ్లు వచ్చాయి. పైనున్నది క్రోసూరు మండలానిది. మూడు రోజులుగా ఆమె చూడకుండా ఎంటర్ నొక్కుతూ వచ్చింది.

ఎవరికీ చెప్పకుండా సరిచేసే వీలుంది. కానీ అవతలి ఊళ్లో నీళ్లే చెడ్డాయేమో, జనం ఇంకా అవే తాగుతున్నారేమో. హిమజ లేచి డాక్టర్ రాజశేఖర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, తప్పు నాది," అంటూ అంతా చెప్పింది.

ఆయన వెంటనే ఫోను అందుకున్నారు. "తిట్టడానికి తర్వాత టైముంటుంది. ఆ పంతొమ్మిది మందికీ ఫోన్ చెయ్. నేను జిల్లా ఆఫీసుకు చెప్తా."

పదిహేడు మంది బెల్లంకొండ వైపు వాళ్లేనన్నారు. ఇద్దరు ఎత్తలేదు. ఆమె ఫోన్లు చేస్తున్నంతసేపూ, గురునాథం మందుల కోసం తిరుగుతున్నంతసేపూ, కోటమ్మ సెలైన్ ఎక్కుతున్న నాగమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

మధ్యాహ్నానికి వైద్య బృందం అసలు ఊరికి వెళ్లింది. టిప్పర్లు తిరిగే మలుపులో మంచినీళ్ల గొట్టం పగిలి, పక్క కాలవ మురుగు అందులో కలుస్తోంది. సాయంత్రానికి ట్యాంకర్లు వచ్చాయి. పటంలో ఒక రంగాపురం పచ్చబడింది, రెండోది ఎర్రబడింది. హిమజ చూపిస్తే గురునాథం ఫోన్ను చాలాసేపు చూశాడు.

"ఇప్పటికి కనపడ్డాం," అన్నాడు.

హిమజ కోటమ్మ చేతులు పట్టుకుంది. "తప్పయింది పెద్దమ్మా."

"నా కొట్టు సంగతి సరేలే. ఆ నాగమ్మ చచ్చిపోయుంటే?" అంది కోటమ్మ. హిమజ భుజం తట్టి, ఆఖరి బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

రాజశేఖర్ గారు మర్నాడు తిట్టారు, గట్టిగానే. ఆ తర్వాత, ముందు మండలం అడిగి గానీ ఊరు చూపించకుండా కంప్యూటర్లో మార్పించారు. నాగమ్మ మూడోరోజు నడుచుకుంటూ ఇంటికెళ్లింది. కొత్త గొట్టం వేశాక ఆ ఊరు పసుపై, పదిరోజులకు పచ్చబడింది. కోటమ్మ కొట్టుకు డ్రైవర్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఆ నెలాఖరు ఆదివారం హిమజ క్రోసూరు బస్సెక్కి వెళ్లి, అక్కడ నాలుగు ఇడ్లీలు తిని, ఇంకో రెండు ప్లేట్లో వేయించుకుంది.