నంటాలే డోలు పరీక్ష

మా ఆయన కిబిరిగే, మా ఊరి హైస్కూల్లో సంగీతం మాస్టారు. ఆ ఏడు ఆయన దిగులంతా నంటాలే గురించే. ఆ పిల్లకు లెక్కలు రావు. సంగీతంలో మంచి మార్కులు పడితేనే టీచరు ట్రైనింగులో సీటు. అందుకని పరీక్షకు ఊరిపని డోలు ఎంచుకున్నారు. అది మోగితే పడుకున్నవాడు కూడా లేచి పార పట్టుకు రావాలి. రానివాణ్ని మర్నాడు కుక్క కూడా పలకరించదు.

డోలు మీద సాధన చేస్తే ఊరంతా వచ్చిపడుతుందని ఆ పిల్ల మా పరుపు మీదే నేర్చుకుంది. పరుపులో దూది ఉండలు కట్టింది గాని, చెయ్యి మాత్రం తిరిగింది.

"పరీక్ష సంగతి ఊళ్ళో చెప్పండి" అన్నాను.

"పరీక్షకీ ఊరికీ ఏం సంబంధం?" అన్నారాయన.

కంపాలా నుంచి ఒపియో గారు తెల్లకారులో వచ్చారు, మార్కులు వెయ్యడానికి. కారు బడి ముంగిట్లో పెట్టి, "కానీ అమ్మా" అన్నారు.

నేను ఇంట్లో మటోకే అరటికాయలు చెక్కు తీస్తున్నాను. డోలు మోగింది. చూసుకునేసరికి చేతిలో కత్తి పోయి పార ఉంది. నేను బడి గేటు దగ్గరున్నాను. ఊరూ ఉంది.

"ఏం పని మాస్టారూ?" అన్నాడు ఊరి ఛైర్మన్ లుబ్వామా.

"పనేం లేదండీ, పరీక్ష."

"పన్లేకుండా డోలెవరు కొడతారయ్యా? ఉత్తచేతుల్తో పంపిస్తే రేపు డోలు మాట ఎవడు వింటాడు?"

మా ఆయన నసిగి, కాలవ పూడిక చూపించారు. ఊరివాళ్లు తీసేశారు.

ఒపియో గారు మార్కుల కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడు నెమ్మదిగా."

నెమ్మదిగా వాయించేసరికి ముసలివాళ్లు కూడా వచ్చారు. చెయ్యడానికి పనేమో మిగల్లేదు. "గుంట తవ్వండర్రా, ఎందుకో తర్వాత చూద్దాం" అన్నాడు ఛైర్మన్. ముంగిలంతా తవ్వారు.

"ఇంకా తేలలేదు. ఇప్పుడు వేగంగా" అన్నారు ఒపియో గారు.

ఛైర్మన్ చుట్టూ చూశాడు. "తవ్వని నేల ఎక్కడుందిరా?"

అందరి చూపులూ తెల్లకారు కిందికి పోయాయి. ఒపియో గారి చూపు కూడా పోయింది.

"అక్కర్లేదు! నూటికి నూరు!" అని అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

నంటాలే మొహం చిన్నబోయింది. "అదేంటి సార్? నాకు బాగా వచ్చేది ఆ వేగం ముక్కే. వినకుండా నూరు వేశారంటే మా అమ్మ నమ్మదు." కర్రలు పైకెత్తింది.

"మీ అమ్మకి నేను చెప్తా తల్లీ, కర్రలు కింద పెట్టు!"

ఆవిడ కోసం వెతకక్కర్లేకపోయింది. కారు ముందు చక్రం పక్క గుంటలోంచి, పార భుజాన వేసుకుని పైకి లేచింది.

"నూరు ఖాయమేనా అయ్యగారూ? లేకపోతే తవ్వమంటారా?"